వాము ఆకు మొక్క: ఇంటింటా పెంచండి, దాని హద్దు దాటనివ్వకండి

మీ ఇంట్లో వాము ఆకు కుండీ ఉందా? లేకపోతే పక్కింటివాళ్లను ఒక కొమ్మ అడిగి తెచ్చి పెట్టుకోండి. ఎండీ చదివి, గవర్నమెంటు ఆసుపత్రిలో రోజూ దగ్గు రోగులను చూసే డాక్టరు ఈ మాట చెప్పడం కొందరికి వింతగా అనిపించొచ్చు. నాకైతే వింత ఏమీ లేదు. ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల ఎండకు తట్టుకుని కుండీలో బతికే ఆకుకూరలు తక్కువ. కాస్త నీడ ఇస్తే ఏడాది పొడవునా పచ్చగా ఉండి, వంటింటికి పనికొచ్చే మొక్క ఇది. పైగా పైసా ఖర్చు లేదు.

నా ఇబ్బంది మొక్కతో కాదు, దాని మీద మనం పెట్టే బరువుతో. చిన్నబిడ్డకు రొప్పు వచ్చినా వాము ఆకే, పెద్దాయనకు నెల రోజులుగా దగ్గు తగ్గకపోయినా వాము ఆకే. ఆ సంగతికి వస్తాను. ముందు మొక్కను సరిగ్గా పెంచడం గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఏటా ఏప్రిల్, మే నెలల్లో "మా మొక్క చచ్చిపోయింది సార్" అనే మాట నాకు ఓపీలోనూ వినబడుతుంది.

పేరు చూసి చాలామంది వాము గింజలు నాటితే ఈ మొక్క వస్తుందనుకుంటారు. రాదు. మనం జంతికల్లో వేసే వాము కొత్తిమీర, జీలకర్ర జాతికి చెందిన మొక్క గింజ. వాము ఆకు తులసి, పుదీనా కుటుంబానిది. పాశ్చాత్యులు వంటల్లో వాడే సేజ్ కూడా ఈ కుటుంబంలోనిదే. వాసన మాత్రం వాముది. దానికి కారణం రెండింట్లోనూ ఉండే థైమాల్ అనే నూనె పదార్థం. తమిళులు, మనలోనూ కొందరు దీన్ని కర్పూరవల్లి అంటారు. సంస్కృతంలో పర్ణయవాని, అంటే ఆకు రూపంలో ఉన్న వాము. 1790లో లౌరెయిరో అనే పోర్చుగీసు పాదిరి దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఇండోనేసియాలోని అంబాన్ దీవి పేరు తగిలించాడు. నిజానికి దీని పుట్టిల్లు తూర్పు, దక్షిణ ఆఫ్రికా. క్యూబాలో దీన్ని మాంసం కూరల్లో వేసుకుంటారు. ఇన్ని దేశాలు తిరిగి మన పంచలోకి వచ్చిన మొక్క ఇది.

ఇంకో పొరపాటు దీనికంటే ప్రమాదకరమైనది. రణపాల ఆకు కూడా దళసరిగా, నీరు నిండి ఉంటుంది. కిడ్నీలో రాళ్లకు మంచిదని ఎవరో చెప్పగానే ఏది ఏదో తెలియకుండా రెండూ నమిలేవాళ్లున్నారు. తేడా కనుక్కోవడం సులువు. ఆకును వేళ్ల మధ్య నలపండి. వాము వాసన గుప్పున వస్తే వాము ఆకు. వాము ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది, ముట్టుకుంటే మెత్తగా తగులుతుంది. రణపాల నున్నగా ఉంటుంది, వాసన ఉండదు, ఆకు అంచు నొక్కుల దగ్గరే పిల్లమొక్కలు మొలుస్తాయి. రణపాల జాతి మొక్కల్లో గుండె కొట్టుకునే తీరును మార్చగల పదార్థాలు ఉన్నాయి. వాటిని ఎక్కువగా మేసిన పశువులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లు ఆ ఆకు జోలికి పోకపోవడమే మేలు.

నీడ, మట్టి, నీళ్లు

వాము ఆకు సుకుమారమైన మొక్క. మన ఎండ దానికి పడదు. అలాగని పూర్తిగా చీకట్లో పెడితే కాడలు సన్నగా సాగిపోయి, ఆకులు దూరదూరంగా వచ్చి, వాసన తగ్గిపోతుంది. పొద్దున రెండు మూడు గంటల ఎండ, తర్వాత రోజంతా నీడ ఉంటే చాలు. ఇంటికి తూర్పు వైపు పంచ, జామచెట్టు కింద, మెట్ల పక్కన ఉన్న చోటు బాగుంటాయి. పడమటి గోడ పక్కన మాత్రం వద్దు. మధ్యాహ్నం కాగిన గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

మన ప్రాంతంలో మొక్క చావడానికి అసలు కారణం చాలాసార్లు కుండీ కిందే ఉంటుంది. మన ఇళ్లలో పంచకూ, వాకిలికీ, మిద్దె మీదా నాపబండలే పరుస్తాం. మే నెలలో నల్లబండ మీద ఒట్టికాలు పెట్టగలరా? కుండీ వేళ్లకూ అదే గతి. పైన నీడ ఉన్నా, పక్కనున్న బండ కాగితే వేడి అడుగునుంచి ఎక్కుతుంది. రెండు ఇటుకలు పరిచి వాటి మీద కుండీ పెట్టండి. కింద గాలి ఆడుతుంది, అడుగు రంధ్రం మూసుకుపోదు. నల్ల ప్లాస్టిక్ కుండీకన్నా మట్టికుండీ నయం. ఎనిమిది, పది అంగుళాలది సరిపోతుంది. దీని వేళ్లు లోతుకు పోవు.

మట్టి సంగతి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి ఎక్కువ. అది పత్తికీ శనగకీ బంగారం లాంటి నేలే కావచ్చు, ఈ మొక్కకు మాత్రం గుదిబండ. నీళ్లు పట్టి ఉంచుకుంటుంది, వేళ్లు కుళ్లుతాయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. నల్లమట్టే దొరికితే ఇసుక సగానికి పెంచండి. పచ్చి పేడ వేయొద్దు.

నీళ్లు పోసే ముందు వేలు మట్టిలో పెట్టి చూడండి. పైన అంగుళం ఎండితేనే పోయాలి. దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క కాబట్టి ఒకరోజు మరిచినా చావదు, రోజూ ప్రేమగా పోస్తే చస్తుంది. చలికాలంలో వారానికి ఒకటి రెండు సార్లు చాలు. ఎండాకాలంలో పొద్దున్నే పోయండి. మధ్యాహ్నం ఆకులు కాస్త వాలాయని కంగారుపడి మళ్లీ పోయకండి, సాయంత్రానికి అవే లేస్తాయి. సాయంత్రం కూడా లేవకపోతే మట్టి చూడండి. తడిగా ఉండీ వాలిపోయిందంటే వేళ్లు కుళ్లుతున్నట్టే. అప్పుడు నీళ్లు కాదు, పైనున్న మంచి కొమ్మలు కోసి కొత్తగా నాటుకోవడమే దారి.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది చూశారా, అది అదే. వానాకాలంలో మిద్దె మీది నీళ్లు ఒక డ్రమ్ముకు పట్టి మూత పెట్టుకుంటే మొక్కకు మంచిది. ఆర్‌ఓ యంత్రం నుంచి వృథాగా పోయే నీళ్లను మొక్కలకు పోసేవాళ్లను చాలామందిని చూశాను. పొదుపు ఆలోచన మంచిదే కానీ ఆ నీళ్లలో ఉప్పు మామూలు బోరు నీళ్లకంటే ఎక్కువ. ఆకు అంచులు మాడతాయి. వాటిని బండలు కడగడానికి వాడుకోండి.

ఒక కొమ్మ నుంచి పది మొక్కలు

ఈ మొక్కకు విత్తనాలు కొనే పని లేదు. మన దగ్గర పూత తక్కువ, గింజ దొరకడం ఇంకా తక్కువ. కొమ్మే దీని విత్తనం. జులై నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా నాటొచ్చు. మార్చి దాటాక పెట్టిన కొమ్మకు వేళ్లు పట్టేలోపే ఎండలు ముదురుతాయి.

పూత లేని, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను నాలుగు నుంచి ఆరు అంగుళాల పొడవున, కణుపుకు కాస్త కింద కోయండి. చేత్తో విరిస్తే కాడ నలుగుతుంది, శుభ్రమైన కత్తెర వాడండి. కింది రెండు జతల ఆకులు తీసేయండి. అవి ఆ రోజు చారులో వేసుకోవచ్చు. కోసిన కొమ్మను వెంటనే తడిమట్టిలో గుచ్చకండి. నీడలో ఐదారు గంటలు ఉంచితే కోసినచోట తడి ఆరి పైపొర కడుతుంది. కుళ్లు పట్టకుండా కాపాడేది అదే. తర్వాత సగం ఇసుక, సగం కొబ్బరి పొట్టు కలిపిన చిన్న డబ్బాలో రెండు కణుపులు మునిగేలా నాటి, నీడలో పెట్టండి. మట్టి చెమ్మగా ఉండాలి, బురదగా ఉండకూడదు. గులాబీ కొమ్మలకు కప్పినట్టు పాలిథిన్ కవరు కప్పొద్దు, ఈ ఆకు లోపల ఉక్కకు కుళ్లిపోతుంది. రెండు మూడు వారాల్లో కొత్త చిగురు కనిపిస్తుంది. కొమ్మను మెల్లగా పైకి లాగి చూడండి, పట్టు తెలిస్తే వేళ్లు వచ్చినట్టే.

గాజు గ్లాసులో నీళ్లుపోసి కొమ్మ పెట్టినా వేళ్లు వస్తాయి. పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. కాకపోతే రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఆకు ఒక్కటే నాటితే వేళ్లు వచ్చినా చిగురు రావడం కష్టం. అది రణపాల విద్య, దీనిది కాదు. కుండీలోంచి వాలి నేలకు తగిలిన కొమ్మ మాత్రం తనంతట తానే వేళ్లు దింపుతుంది. దాన్ని కోసి వేరే చోట పెట్టుకోవడమే.

కొత్త మొక్క జానెడు పెరగగానే చివర తుంచండి. పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. రెండేళ్లకు కాండం ముదిరి కట్టెలా అయి కింద ఆకులు రాలిపోతాయి. అప్పుడు దానికి సేవలు చేయకుండా పై కొమ్మలు కోసి కొత్త కుండీ పెట్టుకోండి. అన్నట్టు, ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే కుండీ వాటికి అందని ఎత్తులో ఉంచండి. ఈ ఆకు నూనెలు వాటికి పడవు, ఎక్కువ తింటే వాంతులవుతాయి.

పిండినల్లి తెల్లగా పత్తిలా కాడల సందుల్లో పడుతుంది. సబ్బు నీళ్లలో ముంచిన దూదితో తుడిచేయండి. ఎక్కువైతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి చల్లండి. వారం దాకా ఆ ఆకు కోయొద్దు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పులివెందుల వైపు చీనీ తోటకో అరటికో తెచ్చిన పురుగుమందు అడుగున మిగిలిందని ఇంటి కుండీకి కొట్టేవాళ్లు ఉన్నారు. పచ్చిగా తినే ఆకు మీద, పిల్లలు తిరిగే పంచలో ఆ పని చేయకండి. ఆ మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచడం ఇంకా ఘోరం. దాహమేసిన పిల్లవాడు సీసా లోపల ఏముందో చూసి తాగడు.

కుండీ కింద పళ్లేలు కూడా నాకు గిట్టవు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు బకెట్టు నీళ్లు అక్కర్లేదు, పళ్లెంలో నిలిచిన గరిటెడు నీళ్లు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే మన ఆరోగ్య శాఖ ప్రతి శుక్రవారం డ్రై డే పాటించమంటుంది. పళ్లెం ఒంపేస్తే సరిపోదు, గుడ్లు గోడకు అతుక్కుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. పీచుతో రుద్ది కడగాలి. లేదంటే పళ్లేన్ని ఇసుకతో నింపేయండి. వాము ఆకు ఉంటే దోమలు రావనే ప్రచారాన్ని నమ్మకండి. ఆకు నుంచి తీసిన చిక్కటి నూనెతో ల్యాబులో లార్వాలు చచ్చాయంటే, కుండీలో నిలబడ్డ మొక్క దోమలను తరుముతుందని కాదు.

దుమ్ము గురించి చెప్పకుండా ఎర్రగుంట్లలో మొక్కల గురించి రాయలేం. సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ విద్యుత్ కేంద్రం, నాపరాళ్ల క్వారీలు, పాలిష్ యూనిట్లు, వాటి మధ్య తిరిగే లారీలు. నూగున్న ఆకు కాబట్టి వాము ఆకు దుమ్మును ఇట్టే పట్టుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి నీళ్లు చిలకరించి కడగండి, తినే ముందు ఒకటికి రెండుసార్లు కడగండి. ఇంట్లో మొక్కలుంటే గాలి శుభ్రమవుతుందని అంటుంటారు. ఆ మాటకు మూలం 1989లో నాసా కోసం చేసిన ప్రయోగం. అది మూతవేసిన చిన్న గదుల్లో కొన్ని రసాయన వాయువుల మీద చేసినది, మన లారీ దుమ్ము మీద కాదు. కిటికీలు తెరిచి మూసే మామూలు ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావాలని 2019లో వచ్చిన సమీక్ష తేల్చింది. అన్ని కుండీలు పెడితే మనం ఎక్కడ కూర్చోవాలి?

ఇక మందు సంగతి

ఈ ఆకులో ప్రధానంగా ఉండేవి కార్వక్రాల్, థైమాల్. గాజు పళ్లెంలో సూక్ష్మజీవుల మీద ఇవి పనిచేస్తాయి, అనుమానం లేదు. అయితే గాజు పళ్లేనికీ మనిషి ఊపిరితిత్తికీ చాలా దూరం. రెండు ఆకులు నమిలితే రక్తంలోకి చేరే మోతాదుతో నిమోనియా క్రిమి చావదు. ఆకు నమిలితే గొంతు గరగర తగ్గినట్టు, ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ఆ హాయిని నేను తక్కువ చేయను. మామూలు జలుబు ఏ మందూ లేకపోయినా వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఆ వారం మనం ఏది తింటే దానికి పేరొస్తుంది. యాంటీబయాటిక్ కొనుక్కుని మింగడం కంటే, వాము ఆకు చారు తాగి ఆ వారం గడపడం నా దృష్టిలో తెలివైన పని.

పెద్దవాళ్లు రోజుకు రెండు మూడు ఆకులు వంటలో వాడుకోవచ్చు. చారులో చివర్లో చిదిమి వేయండి, పెరుగుపచ్చడి చేసుకోండి. బజ్జీలు రుచిగా ఉంటాయి, నాకూ ఇష్టమే. కానీ శనగపిండిలో ముంచి నూనెలో వేయించాక అది ఆకు వైద్యం కాదు, బజ్జీ. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఆ లెక్కలోనే తినాలి. గర్భిణులు కూరలో వేసిన ఆకు తినొచ్చు. గ్లాసులకొద్దీ పసరు మాత్రం తాగొద్దు. షుగరు మాత్రలు మానేసి ఈ పసరు పట్టుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎవరి మొహమాటమూ చూడదు.

అసలు భయం చిన్నబిడ్డలతో. ఆకును సెగకు వాడ్చి, పసరు పిండి, తేనె కలిపి నాకించడం మన అవ్వలు చేసే పని. బిడ్డ మీద ప్రేమతోనే చేస్తారు. అయినా ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపేగులో మొలకెత్తి, కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేస్తాయి. దీన్ని బోటులిజం అంటారు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ పసరూ వద్దు. ముక్కులో పసరు చుక్కలు వేయడం అసలే వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది.

అత్తగారు పసరు అంటే, కోడలు ఆసుపత్రి అంటే, ఇంట్లో గొడవ అవసరం లేదు. గడియారం తీర్పు చెబుతుంది. బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా ఎక్కువ ఉంటే అది జలుబు కాదు, నిమోనియా అనుకుని బయలుదేరాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా లెక్కపెట్టే పని కూడా పెట్టుకోకండి. నిమోనియాలో ఒక రాత్రి ఆలస్యం చాలా ఖరీదైనది. పసరు వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకునే ఆ రాత్రి గురించే నేను ఇదంతా రాస్తున్నాను.

పెద్దవాళ్లకు లెక్క నిమిషాల్లో కాదు, వారాల్లో. రెండు వారాలు దాటిన దగ్గు ఏ ఆకుకూ చెందదు. టీబీ పరీక్ష చేయించాల్సిందే. సాయంత్రం సన్నటి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉంటే రెండు వారాలు కూడా ఆగొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కళ్లె పరీక్ష, మందులు ఉచితం. చికిత్స సాగినన్నాళ్లూ నిక్షయ్ పోషణ యోజన కింద నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు.

బండలు కోసే, పాలిష్ పట్టే, క్వారీలో పనిచేసే అన్నలకు ఇంకో మాట. ఆసుపత్రికి వచ్చినప్పుడు దగ్గు ఎన్నాళ్లనుంచో చెబుతారు గానీ, చేసే పని ఏమిటో అడిగితే తప్ప చెప్పరు. ముందు అదే చెప్పండి. రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తిలో చేరితే మచ్చలు కడుతుంది. సిలికోసిస్ వచ్చాక దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు, పైగా టీబీ సోకే అవకాశం పెరుగుతుంది. నీళ్లు పడుతూ కోయడం, మూతికి తువ్వాలు కాకుండా సరైన మాస్కు కట్టడం, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించడం ముఖ్యం. సాయంత్రం ఇంటికొచ్చి వాము ఆకు నమిలితే ఆ దుమ్ము బయటికి రాదు.

ఈ ఆదివారం కొమ్మ తెచ్చుకునేవాళ్లకు చివరగా. కోసిన కొమ్మను తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో బిగించకండి, దారిలోనే ఉడికిపోతుంది. పొడి కాగితంలో వదులుగా చుట్టండి. ఎర్రగుంట్ల నుంచి పులివెందులకు బస్సులో పోయినా ఏమీ కాదు, మర్నాడు నాటుకున్నా పట్టుకుంటుంది. ఎందుకైనా మంచిది, ఒకటి కాదు, మూడు కొమ్మలు అడగండి.